కార్డు ఒకటే, గల్లాపెట్టెలు వేరు

బస్సు, మెట్రో, రైలు అన్నిటికీ చెల్లే ఉమ్మడి టికెట్టుకు చిప్ ఉన్న కార్డే అక్కర్లేదు. 1965లో జర్మనీలోని హాంబర్గ్‌లో మెట్రో, రైల్వే, బస్సు సంస్థలు కలిసి ఒక రవాణా సంఘంగా ఏర్పడ్డాయి. ప్రపంచంలో అలాంటి సంఘం అదే మొదటిది. ఆ తర్వాత ఒక్క కాగితపు టికెట్టుతో అన్నిటిలోనూ తిరిగే వీలు వచ్చింది. వసూలైన డబ్బులో ఎవరి వాటా ఎంత అన్నది ముందే కూర్చుని తేల్చుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఎన్నో నగరాల్లో స్మార్ట్‌కార్డు పథకాలు చిక్కుల్లో పడింది ఆ కూర్చోవడం దగ్గరే.

అందరూ ఆదర్శంగా చూపేది హాంకాంగ్ ఆక్టోపస్ కార్డును. ఐదు రవాణా సంస్థలు 1994లో ఉమ్మడి కంపెనీ పెట్టి, 1997 సెప్టెంబర్‌లో దాన్ని విడుదల చేశాయి. మూడు నెలల్లోనే 30 లక్షల కార్డులు జనం చేతుల్లోకి వెళ్లాయి. అయితే ఈ పొగడ్తల్లో ఒక తేడా మరుగున పడుతుంది. ఆక్టోపస్ ఉమ్మడి పర్సే గానీ ఉమ్మడి టికెట్టు కాదు. బస్సు దిగి మెట్రో ఎక్కితే బస్సు ఛార్జీ బస్సు కంపెనీకి, మెట్రో ఛార్జీ మెట్రోకు విడివిడిగా వెళ్తాయి. ఒకే ఛార్జీని ఇద్దరు పంచుకోవలసిన అవసరం లేనప్పుడు తగవు ఎక్కడిది?

సిడ్నీ కథ ఇంకోలా నడిచింది. 2000 ఒలింపిక్స్ నాటికే సిద్ధం కావాలనుకున్న టీకార్డ్ అనే స్మార్ట్‌కార్డు అప్పటికి రాలేదు. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందాన్నే రద్దు చేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ప్రభుత్వం గుత్తేదారును తప్పుపడితే, గుత్తేదారు ప్రభుత్వాన్ని తప్పుపట్టాడు. అసలు ముడి ఛార్జీల పట్టికలోనే ఉంది. రైలుకు ఒక లెక్క, బస్సుకు ఒక లెక్క, ఫెర్రీకి ఇంకో లెక్క, వీటిపైన పదుల రకాల పాసులు. దశాబ్దాలుగా పేరుకున్న ఆ గందరగోళాన్నంతా ఉన్నదున్నట్టు యంత్రానికి నేర్పాలని చూశారు. 2010లో మైజోన్ పేరుతో బస్సుకు మూడు, ఫెర్రీకి రెండు, రైలుకు ఐదు అంచెలుగా ఛార్జీలను కుదించాకే దారి తెరుచుకుంది. టీకార్డ్ బదులు తెచ్చిన ఓపల్ కార్డు 2012 డిసెంబర్‌లో ఫెర్రీల్లో మొదలై 2014 చివరికి అన్నిటికీ పాకింది. అయినా ఒకదాని నుంచి మరోదానికి మారినందుకు 2 డాలర్ల తగ్గింపు ఇవ్వడానికి 2016 దాకా పట్టింది. అంటే అసలైన ఉమ్మడితనం కార్డు కంటే నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, అదీ కొంత మేరకే.

లండన్‌లో ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చింది. శివారు రైళ్లు నడిపే ప్రైవేటు కంపెనీలు అందులోని నగదు నిల్వతో ప్రయాణాన్ని విస్తృతంగా అనుమతించింది మాత్రం 2010 జనవరిలో. గేట్ల దగ్గర యంత్రాలకు ఎవరు పెట్టుబడి పెట్టాలి, వాటా ఎలా లెక్కించాలి అన్న బేరాలకే ఏళ్లు గడిచాయి. లండన్ బయటి బ్రిటన్‌లో చిక్కు మరీ విచిత్రమైనది. 1986లో బస్సు సర్వీసులను పోటీకి వదిలేశాక, కంపెనీలు కూర్చుని ఛార్జీలు మాట్లాడుకుంటే అది కుమ్మక్కు కిందికి వచ్చే ప్రమాదం ఏర్పడింది. ప్రయాణికుడికి మేలు చేసే ఉమ్మడి టికెట్టు కోసం 2001లో పోటీ చట్టం నుంచి ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

సాంకేతిక సమస్యలు అసలు లేవని కాదు. గేటు దగ్గర రద్దీ ఆగకూడదంటే యంత్రం అర సెకనులో తేల్చాలి. బస్సులో నెట్‌వర్కు ఉంటుందన్న భరోసా ఒకప్పుడు లేదు. అందుకే డబ్బు లెక్కను కార్డులోని చిప్‌లోనే రాసేవారు, బస్సు డిపోకు చేరాక పద్దు సరిచూసుకునేవారు. డబ్బు చిప్‌లోనే ఉంటే దాని తాళం, అంటే రహస్య సంకేతాల రక్షణ, గట్టిదై ఉండాలి. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైఫేర్ క్లాసిక్ చిప్ తాళాన్ని ఛేదించారు. తయారీ సంస్థ ఆ వివరాల ప్రచురణను ఆపించబోతే కోర్టు ఒప్పుకోలేదు. లండన్ ఆయిస్టర్‌లోనూ, డచ్చి వాళ్ల రవాణా కార్డు ఓవీ చిప్‌కార్డులోనూ అప్పట్లో ఉన్నది ఆ చిప్పే. ఒక్క సంస్థ అయితే కార్డులు మార్చుకుంటుంది. పది సంస్థలు కలిసి మార్చాలంటే అందరి యంత్రాలూ ఒకే చిప్‌కు సిద్ధం కావాలి, ఖర్చు వాటాల చర్చ మళ్లీ మొదటికి రావాలి.

ఇప్పుడు చాలా చోట్ల ప్రత్యేక కార్డు స్థానంలో మామూలు బ్యాంకు కార్డే చెల్లుతోంది. లండన్ బస్సుల్లో 2012లో, మెట్రోలో 2014లో ఇది మొదలైంది. లెక్క చిప్‌లో కాక దూరంగా ఉన్న కంప్యూటర్లలో తేలుతుంది. కాబట్టి రోజు మొత్తానికి గరిష్ఠ ఛార్జీ ఎంతన్నది కూడా అక్కడే చూసుకోవచ్చు. వృద్ధుల, పిల్లల రాయితీలకూ బ్యాంకు ఖాతా లేనివారికీ మాత్రం వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

నెదర్లాండ్స్‌లో 2023 నాటికి దేశమంతటా బస్సు, ట్రామ్, మెట్రో, రైలు అన్నిటిలోనూ బ్యాంకు కార్డు చెల్లడం మొదలైంది. కానీ ఒక రైలు కంపెనీ నుంచి మరో కంపెనీ రైలుకు మారే ప్రయాణికుడు మధ్యలో ఆగి, కార్డు తాకించడానికి పెట్టిన ఒక కంపెనీ స్తంభం దగ్గర ప్రయాణం ముగించి, పక్క కంపెనీ స్తంభానికి అదే కార్డును మళ్లీ తాకించాల్సే వచ్చింది.