పలుచ బూట్లు, 42 కిలోమీటర్లు: అపోహలు - వాస్తవాలు

పొద్దున ఐదింటికి హనుమకొండ జేఎన్‌ఎస్ గ్రౌండ్‌కు వెళ్లి జనం ముఖాలు కాకుండా కాళ్లు చూడండి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (దేహదారుఢ్య పరీక్షలకు) ప్రాక్టీస్ చేసే పిల్లల్లో కొందరు వట్టికాళ్లతో, కొందరు స్కూలు నాటి కాన్వాస్ బూట్లతో ఉంటారు. ఉద్యోగస్తుల బూట్ల అడుగు రెండు మూడు వేళ్ల మందం ఉంటుంది. మధ్యలో నాలాంటి వాళ్లు ఒకరిద్దరు, చుట్ట చుడితే జేబులో పట్టేంత పలుచని బూట్లతో. అందరి నోటా బూట్ల గురించి ఏదో ఒక సిద్ధాంతం మాత్రం గట్టిగానే వినిపిస్తుంది.

నేను కోచ్‌ను కాదు, డాక్టర్‌ను అసలే కాదు. ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్లుగా మారథాన్లు, అంటే 42 కిలోమీటర్ల పందేలు, పరుగెత్తుతున్నాను. ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం మినిమలిస్ట్ బూట్లతోనే. మామూలు రన్నింగ్ షూలో మడమ కింది మందం ముందు భాగం కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎక్కువుంటుంది. దాన్ని డ్రాప్ అంటారు. మినిమలిస్ట్ బూట్లలో డ్రాప్ సున్నా, లేదా మహా అయితే 4 మిల్లీమీటర్లు. అడుగు పలుచన, వేళ్ల దగ్గర వెడల్పు, ఎటు వంచితే అటు వంగుతుంది. నన్ను తరచూ అడిగేవి, నా ముందే ఖరారుగా చెప్పేసేవి కొన్ని కింద రాస్తున్నాను.

అపోహ: మన తాతలు చెప్పులు లేకుండానే నడిచారు, మనకేమవుతుంది?

మన తాతలు పుట్టినప్పటి నుంచీ అలాగే నడిచారు. అసలు తేడా అక్కడే ఉంది. పొలం గట్టు మీద, మట్టిబాట మీద, చిన్నప్పటి నుంచి రోజంతా నడిచిన పాదం వేరు. ఎల్‌కేజీ నుంచి బూటులో ఉండి, ఆ తర్వాత ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్న పాదం వేరు. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. వాటిని పట్టి ఉంచే చిన్న కండరాలు వాడకపోతే సన్నబడతాయి. మళ్లీ వాడితే బలపడతాయి కూడా, కానీ ఆదివారం బూట్లు కొని సోమవారం పది కిలోమీటర్లు పరుగెత్తితే బలపడవు.

2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచి వట్టికాళ్లతో పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారని, మడమ మీద దిగినప్పుడు తగిలే ఆ మొదటి కుదుపు వాళ్లకు దాదాపు ఉండదని అందులో తేలింది. ప్రపంచమంతా వట్టికాళ్ల పిచ్చి పట్టడానికి అదొక కారణం. బూట్లు విప్పితే గాయాలు తగ్గుతాయని మాత్రం ఆ పరిశోధన రుజువు చేయలేదు.

2013లో అమెరికాలో ఇంకో పరిశోధన జరిగింది. మామూలు బూట్లతో పరుగెత్తే 36 మందిని తీసుకుని, కొందరిని పది వారాల పాటు మెల్లమెల్లగా వేళ్ల బూట్లలోకి (గ్లౌజులా ఒక్కో వేలికి విడిగా అర ఉండే పలుచ బూట్లు) మార్చారు. ఎంఆర్ఐ తీసి చూస్తే, మారిన 19 మందిలో 10 మందికి పాదాల ఎముకల్లో వాపు పెరిగింది. మారని 17 మందిలో ఒక్కరికే అలా జరిగింది. మెల్లగా మారండి అని చెప్పి చేయించినా ఫలితం అది. పది వారాలు చాలవని నా అభిప్రాయం. ఆరు నెలలంటే అందరూ నవ్వుతారు కానీ, నేను చెప్పేది ఆరు నెలలే.

అపోహ: పలుచ బూట్లు వేస్తే గాయాలే రావు

ఈ మాట నమ్మించడానికి ప్రయత్నించి ఒక పెద్ద కంపెనీయే ఇరుక్కుంది. వేళ్ల బూట్ల కంపెనీ వైబ్రమ్ మీద, పాదాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అని రుజువు లేకుండా ప్రచారం చేసిందంటూ అమెరికాలో దావా వేశారు. 2014లో కంపెనీ 37.5 లక్షల డాలర్లతో రాజీ చేసుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

నిజానికి జరిగేది ఇది. బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపితే దాని బరువు తగ్గదు, నేల మీద చోటు మారుతుంది. బూటు మార్చినా అంతే. డ్రాప్ ఎక్కువున్న బూటులో మోకాలు, తుంటి ఎక్కువ భారం మోస్తాయి. పలుచ బూటులో ఆ భారం పిక్కకు, మడమ వెనక తాడులా ఉండే అకిలీస్ స్నాయువుకు, పాదం ఎముకలకు దిగుతుంది. అందుకే మోకాళ్ల ముందు భాగంలో నొప్పి ఉన్న కొందరికి పలుచ బూట్లు హాయిగా ఉంటాయి. పిక్కలు పట్టేసేవాళ్లకు, అకిలీస్ దగ్గర పొద్దున లేవగానే బిగుసుకుపోయేవాళ్లకు అవే బూట్లు నరకం చూపిస్తాయి. మీకు ఏ భాగం బలహీనమో తెలియకుండా పక్కవాడి బూటు చూసి కొనకండి.

మారదలచుకున్నవాళ్లకు నేను చెప్పే పద్ధతి పెద్ద గొప్పదేమీ కాదు. మొదటి నెల ఆ బూట్లతో నడకే: కూరగాయలకు, ఆఫీసుకు, మెట్లు ఎక్కడానికి. పక్కనే మెట్టు అంచున మునికాళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించి, పైకి లేపే వ్యాయామం. ముందు రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద. ఒక్కో కాలికి ఆగకుండా 25 దాకా వచ్చాక పరుగు సంగతి చూడొచ్చు. అప్పుడు కూడా పాత బూట్లతో పరుగెత్తి, చివర్లో ఒక్క కిలోమీటరుకు వీటిని తొడుక్కోవాలి. లాంగ్ రన్‌కు వీటిని వాడటం అన్నిటికంటే చివరి మెట్టు.

పిక్కల్లో మొత్తంగా తీపులు వస్తే భయం లేదు, రెండు రోజుల్లో పోతాయి. పాదం పైన, వేళ్ల వెనక ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటే మాత్రం పరుగు ఆ రోజే ఆపండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కూడా. ‘ఎక్స్‌రే బాగుంది’ అనగానే మళ్లీ గ్రౌండ్‌లోకి దిగి, నెలల తరబడి మంచం పట్టినవాళ్లను చూశాను.

అపోహ: బికిలా వట్టికాళ్లతో గెలిచాడు కదా!

గెలిచాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ పూర్తిచేశాడు. కొత్త బూట్లు కాళ్లకు సరిపడకపోతే విప్పేశాడు. అంతకుముందు నుంచే వట్టికాళ్లతో సాధన చేసినవాడు కాబట్టి చెల్లింది. కథ సగం దగ్గర ఆపేవాళ్లు చెప్పనిది ఇంకోటుంది: 1964 టోక్యోలో అదే బికిలా బూట్లు వేసుకుని, అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన కొన్ని వారాలకే, 2:12:11తో మళ్లీ గెలిచాడు. అప్పుడు బూట్ల కంపెనీలు కాలర్ ఎగరేశాయి. రెండు పతకాలూ బికిలావే, బూట్లవి కావు.

అపోహ: తేలిక బూటు వేస్తే స్పీడ్ దానంతటదే వస్తుంది

“అన్నా, గీ బూట్లేస్తే టైమింగ్ తగ్గుతదా?” అని ఈవెంట్స్ పిల్లలు అడుగుతారు. బూటు బరువు 100 గ్రాములు తగ్గితే పరుగుకు పట్టే శక్తి సుమారు ఒక శాతం తగ్గుతుందని తేలింది. 1600 మీటర్ల పరుగులో అది కొన్ని సెకన్లు. వారానికి రెండు రోజులు ఇంటర్వెల్స్ (కొంత దూరం వేగంగా, కాసేపు నెమ్మదిగా, మళ్లీ వేగంగా) చేసినవాడికి వచ్చే తేడా ముందు అది లెక్కలోకే రాదు. “తగ్గదు తమ్మీ, పొద్దున ఇంకో రౌండ్ కొట్టు” అంటే వాళ్లకు నచ్చదు.

ఖరీదు సంగతీ అంతే. మందపాటి ఫోమ్, లోపల కార్బన్ ప్లేట్ ఉన్న రేసు బూట్లు నిజంగానే వేగం పెంచుతాయి. అందుకే రోడ్డు పందేల్లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధన పెట్టింది. అవి గాయాలు ఆపుతాయనడానికి మాత్రం ఆధారం లేదు. పాదం ఒంపు చూసి తగిన బూటు ఇవ్వడం వల్ల ప్రయోజనం ఉందా అని అమెరికా సైన్యంలో పరీక్షించారు. అలా ఎంచి ఇచ్చినా గాయాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంగట్లో మిషన్ మీద పాదం పెట్టించి ‘సార్, మీది ఫ్లాట్ ఫుట్’ అని పన్నెండు వేల జత చేతిలో పెట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మెక్సికోలో రారామురీ తెగవాళ్లు పాత టైరు ముక్కకు తోలు వార్లు కట్టిన చెప్పులతో కొండల్లో గంటల తరబడి పరుగెత్తుతారు. మన ఊళ్లలో టైరు చెప్పులు తొడిగిన పెద్దవాళ్లు వాటిని చూస్తే ఆశ్చర్యపోరు.

అపోహ: మడమ మీద దిగడం తప్పు

తప్పు కాదు. 2017 లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మారథాన్‌ను వీడియో తీసి చూస్తే, అక్కడి మేటి రన్నర్లలోనే ఎక్కువ మంది మడమ మీద దిగుతున్నారు. కావాలని మునివేళ్ల మీద పరుగెత్తడం మొదలుపెడితే పిక్కలు వారంలోనే చేతులెత్తేస్తాయి. అడుగు ఎక్కడ పడుతోందన్నది అంతకంటే ముఖ్యం. మోకాలికి బాగా ముందు, కాలు చాచి పడితే బ్రేకు వేసినట్టవుతుంది. అడుగు కాస్త చిన్నది చేసి, నిమిషానికి పడే అడుగులు ఐదు శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. 180 అడుగులే పడాలన్న నియమం లేదు. ఆ అంకె 1984 ఒలింపిక్స్‌లో మేటి రన్నర్లను గమనించి కోచ్ జాక్ డేనియల్స్ చెప్పింది. నెమ్మదిగా పరుగెత్తే మనకు 165, 170 ఉన్నా కొంప మునగదు.

భద్రకాళి బండ్ మీద చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి మీ అడుగుల చప్పుడు వినండి. ‘ధబ్ ధబ్’ అని వినబడుతుంటే అడుగు చిన్నది చేయండి. ఏ గాడ్జెట్టూ అక్కర్లేదు.

అపోహ: పరుగెత్తితే మోకాళ్లు అరుగుతాయి

2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం. పోటీ స్థాయిలో ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. మనం మొదటి రకం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ అంకెలు చెప్పినా ‘ముసలితనంలో తెలుస్తది బిడ్డా’ అనే అంటారు, దానికి మందు లేదు.

అపోహ: రేసుకు ముందు ఒక్కసారైనా 42 పూర్తిచేయాలి

అక్కర్లేదు. 30, 32 కిలోమీటర్ల లాంగ్ రన్లు చాలు. చివరి రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థాల నిల్వ) అడుగంటి కాళ్లు మొరాయిస్తాయి. దాని మందు దారిలో తినడం, మొదట్లో దూకుడు తగ్గించడం. ముందు రాత్రి బిర్యానీతో కార్బ్ లోడింగ్ (ఆ నిల్వ నింపుకోవడం) చేసే మిత్రులు రేసు రోజు ఎక్కడ కనిపిస్తారో చెప్పనవసరం లేదు.

మన దగ్గర అసలు చిక్కు ఎండ. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో కాబట్టి ట్రైనింగ్ ఏప్రిల్, మే నెలల్లోనే మొదలవుతుంది. వరంగల్‌లో అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది. శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, అన్ని రోజులూ వేగం గురించి మరచిపోవాలి. సాయంత్రం చల్లబడింది కదా అని ఏడింటికి హంటర్ రోడ్డు ఎక్కితే, గాలి చల్లగానే ఉంటుంది కానీ పలుచ బూటు కింద తారు ఇంకా కాలుతూనే ఉంటుంది. మందం బూటువాళ్లకు ఆ సంగతే తెలియదు. వేసవిలో తెల్లవారుజామే దిక్కు.

నీళ్లు ఎన్ని తాగితే అంత మంచిదన్నది కూడా అపోహే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే తగ్గి ఉంది. ముఖ్య కారణం అతిగా తాగడమే. దాహమైతే తాగండి. రేసులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగితే ఎక్కువ తాగినట్టే.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు వట్టికాళ్లతో గడ్డి మీద నడిస్తే తగ్గుతుంది

ఇది మాత్రం సరదాగా తీసుకునే అపోహ కాదు. పబ్లిక్ గార్డెన్‌లో చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నడక షుగర్‌ను అదుపులో ఉంచుతుంది, నిజమే. అందులో వట్టికాళ్ల మహిమ ఏమీ లేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే పల్లేరుగాయ గుచ్చుకున్నా తెలియదు. ఖిలా వరంగల్ మట్టికోట పక్క బాటల్లో అవి కుప్పలుగా ఉంటాయి, నా పలుచ బూట్లలోంచే దిగుతాయి. నాకు దిగితే అరుస్తాను. స్పర్శ లేనివాళ్లు రెండు రోజులు దానితోనే తిరుగుతారు, పుండు పడేదాకా తెలియదు.

అలాంటివాళ్లకు వట్టికాళ్ల నడకా వద్దు, మినిమలిస్ట్ బూట్లూ వద్దు. ముందు డాక్టర్ దగ్గర పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. నైలాన్ తీగతో అరికాలిని తాకి చూస్తారు, ఐదు నిమిషాల పని. మెత్తటి, వెడల్పాటి బూటు తొడిగే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి రాయీ రప్పా ఉన్నాయేమో చూసుకోవాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లను అద్దంలోనైనా చూసుకోవాలి, ఇంట్లోవాళ్లకైనా చూపించుకోవాలి.