మీలోస్ వీనస్: చేతుల సంగతి సరే, పీఠం ఏమైంది?

గ్రీకు ద్వీపం మీలోస్‌లో దొరికి, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పాలరాతి దేవత విగ్రహం వీనస్ డి మీలో గ్రీసుదా, ఫ్రాన్స్‌దా అనే గొడవ మళ్ళీ లేచింది, జనం మాత్రం ఎప్పట్లాగే చేతులెక్కడ పోయాయనే అడుగుతున్నారు. రేవులో కొట్లాటలో విరిగాయన్నది చాలా ఏళ్ళ తర్వాత బయటికొచ్చిన కథ. 1820లో స్వయంగా చూసిన ఫ్రెంచ్ నేవీ ఆఫీసర్ డ్యూర్విల్ అప్పుడే రాశాడు, రెండు చేతులూ విరిగి ఊడిపోయి ఉన్నాయని. అసలు తిరకాసు లూవ్ర్‌కి చేరాక మొదలైంది.

1815లో, నెపోలియన్ ఓడిపోయాక, ఇటలీ నుంచి ఎత్తుకొచ్చిన మెడిచీ వీనస్ అనే ఇంకో పాత విగ్రహాన్ని ఫ్రాన్స్ ఫ్లారెన్స్‌కి తిరిగిచ్చేయాల్సొచ్చింది. ఆ కడుపుమంట చల్లారకముందే 1821లో ఈ 2.04 మీటర్ల దేవత ఫ్రాన్స్ రాజు 18వ లూయీ చేతికొచ్చింది, ఇంకేం, ఇది క్రీ.పూ. 4వ శతాబ్దపు మహాశిల్పి ప్రాక్సిటెలీస్ బాపతేనని పెద్దమనుషులు ఫిక్సయిపోయారు. కానీ విగ్రహంతో పాటు దొరికిన పీఠం ముక్క మీద వేరేవాడి సంతకం ఉంది, ఇప్పటి టర్కీలోని మియాండర్ నది దగ్గరి ఆంటియోక్ ఊరివాడు, మెనిడీస్ కొడుకు. పేరులో మొదటి అక్షరాలు విరిగిపోయాయి, అలెగ్జాండ్రోస్ అని చదువుతున్నారు. ఆ ఊరు పుట్టిందే క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఇక ప్రాక్సిటెలీస్ ఎక్కణ్ణుంచొస్తాడు? ఆ తర్వాత ముక్క కనపడకుండా పోయింది. 1821లో డెబే అనే కుర్రాడు గీసిన బొమ్మ మాత్రం మిగిలింది, అందులో అక్షరాలూ, పక్కన ఇంకేదో నిలబెట్టడానికి తొలిచిన గుంటా కనిపిస్తాయి.

ఫ్రాన్స్ మాట ఎప్పుడూ ఒకటే, డబ్బిచ్చి కొన్నాం, భద్రంగా చూసుకున్నాం. డబ్బివ్వడం నిజమే, కానీ అప్పుడు మీలోస్ ద్వీపం ఒట్టోమాన్ తుర్కుల చేతిలో ఉంది, విగ్రహం అప్పటికే ఆ సర్కారులో పెద్ద పదవిలో ఉన్న నికొలస్ మురూజీకని ఓడెక్కేసింది, ఫ్రెంచివాళ్ళు వచ్చి ఊరిపెద్దల్ని ఒప్పించి దించుకుపోయారు. తర్వాత మురూజీ ఆ పెద్దల్ని కొరడాలతో కొట్టించి జరిమానా కూడా వేశాడు. బేరం ఫ్రాన్స్‌ది, దెబ్బలు మీలోస్‌వాళ్ళవి. 2017లో వాళ్ళ మునిసిపాలిటీ తిరిగిమ్మని క్యాంపెయిన్ పెడితే అదేదో టూరిజం స్టంట్ అన్నట్టు మాట్లాడటం నాకైతే నచ్చలేదు.

భద్రం సంగతంటారా, 1870లోనూ 1939లోనూ యుద్ధాలప్పుడు దాచి కాపాడారు, కాదనను. సొంత ఇంట్లో సంతకమున్న ముక్క మాత్రం పోయింది. ఇప్పుడు లూవ్ర్ కూడా క్రీ.పూ. 2వ శతాబ్దం అనే చెప్తోంది. ఆ పీఠం అసలు ఈ విగ్రహానిదేనా అని పండితులింకా కొట్టుకుంటున్నారు, అతికించి చూద్దామంటే ముక్క ఉండాలిగా.