మీ ఇంటి కింద నేల ఒకప్పుడు ఏమిటి? అపోహలు - వాస్తవాలు

అపోహ: ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గా ఉంది, ఇంక వెతకడానికేముంది?

వాస్తవం: ఈసీ రిజిస్టరైన లావాదేవీల చిట్టా మాత్రమే. నోటిమాట పంపకాలు అందులో రావు. రిజిస్టరు చేసిన వీలునామా కూడా రాదు. ఈసీ తీసేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోని 1వ పుస్తకం నుంచి, వీలునామా ఎక్కేది 3వ పుస్తకంలో. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి తీయించుకోవాలి. ఇంటి నంబరు మీద ఒకటి, సర్వే నంబరు మీద ఒకటి విడివిడిగా తీయండి. లేఅవుట్ పడక ముందు జరిగిన అమ్మకాలు సర్వే నంబరు కిందే ఉంటాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

అపోహ: ఇంటిపన్ను రసీదు ఉందంటే పట్టా భూమే.

వాస్తవం: రసీదు పన్ను కట్టారనే చెబుతుంది. తెలంగాణలో చూడాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డు), దానికీ వెనక సేత్వార్ (సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన మూల రికార్డు). తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడిగేటప్పుడు పాత తాలూకా పేరు కూడా రాయండి; మండలాలొచ్చింది 1985లో. కాగితం మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే 590 కలపండి: 1364 ఫసలీ అంటే 1954-55. పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో సర్కారీ, ఇనాం (దానంగా ఇచ్చిన భూమి), గైరాన్ (పశువుల మేత భూమి), శిఖం అని ఉందేమో చూడండి. శిఖం అంటే చెరువు గర్భం. ‘శిఖం పట్టా’ అనీ ఉంటుంది, అది చూసి మురిసిపోకండి: నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టడానికి పనికిరాదు. ఆంధ్రలో అయితే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) తీయండి. పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవే ‘చుక్కల భూములు’. వాటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

అపోహ: సర్వే నంబరు, విస్తీర్ణం మారవు.

వాస్తవం: 45 నంబరు కాస్తా 45/అ, 45/ఆ అని చీలుతూ పోతుంది. ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లే వచ్చాయి. ఇలా చీలిన బై నంబర్ల విస్తీర్ణాలన్నీ కూడి సేత్వార్‌తో పోల్చండి. ఉదాహరణకు సేత్వార్‌లో 6 ఎకరాల 20 గుంటలు, ఇప్పటి కూడిక 7 ఎకరాల 5 గుంటలు అనుకోండి. 25 గుంటలు, అంటే 3,025 చదరపు గజాలు కాగితాల మీదే పుట్టాయన్నమాట. నేల మీద ఆ తేడా ఎవరో ఒకరి ప్లాటుకు తగులుతుంది.

అపోహ: చుట్టుపక్కల చెరువే లేదు కదా!

వాస్తవం: ఇప్పుడు లేకపోవచ్చు. గ్రామ నక్షాలో కుంట, వాగు, కాలువ గీతలుంటాయి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్ (నేల తీరు, నీళ్లు, దారులు చూపే పటం) ఆ సంస్థ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఉచితం. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసేటప్పుడు ఏప్రిల్, మే వి వదిలేయండి, ఎండాకాలంలో కుంటలు మైదానాల్లా కనబడతాయి. సెప్టెంబరు, అక్టోబరు చిత్రాలు తెరవండి.