బుకర్ విజేతల్లో మేటి నవల: మూడు ఎంపికలు, మూడు పద్ధతులు

1969లో పి.హెచ్. న్యూబీ నవలతో మొదలైన బుకర్ బహుమతి, ఏటా ఒక నవలను ఎంచడంతో సరిపెట్టుకోకుండా, పాత విజేతలనే మళ్లీ బరిలోకి దింపి వాటిలో మేటి ఏదో తేల్చే పనికి 1993, 2008, 2018లలో పూనుకుంది. ప్రతిసారీ పద్ధతి మారింది, ఫలితాన్ని ఎక్కువగా నడిపించిందీ ఆ పద్ధతే.

పాతికేళ్ల సందర్భంగా 1993లో జరిగిన ఎంపికలో పాఠకులకు ప్రమేయం లేదు. న్యాయనిర్ణేతలు మాల్కమ్ బ్రాడ్‌బరీ, డేవిడ్ హోలోవే, డబ్ల్యు.ఎల్. వెబ్ కలిసి సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ను ఎంచారు. 1981లో ఆ నవలకే బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతల సంఘానికి బ్రాడ్‌బరీయే అధ్యక్షుడన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. నలభై ఏళ్లప్పుడు, అంటే 2008లో, న్యాయనిర్ణేతలు ఆరు నవలలను వడపోసి తుది నిర్ణయాన్ని పాఠకుల ఓటుకు వదిలారు. 36 శాతం ఓట్లతో మళ్లీ రష్దీయే గెలిచారు.

యాభై ఏళ్ల వేడుకకు 2018లో వచ్చిన మార్పు అన్నిటికంటే పెద్దది. ఒక్కో దశాబ్దాన్ని ఒక్కో న్యాయనిర్ణేతకు అప్పగించి, వారు ఎంచిన ఐదు నవలలనే ఓటుకు పెట్టారు. దశాబ్దాలన్నిటికీ సమాన చోటు ఇచ్చినట్టు కనిపించే ఈ ఏర్పాటు నిజానికి పుస్తకాలకు న్యాయం చేయలేదు, ఎందుకంటే ఒకే దశాబ్దంలో రెండు గొప్ప నవలలు వస్తే వాటిలో ఒకటి తప్పుకోవలసిందే. 1980లను పరిశీలించిన కవి లెమ్ సిస్సే పెనెలపీ లైవ్లీ ‘మూన్ టైగర్’ను ఎంచడంతో, రెండుసార్లు మేటిగా నిలిచిన రష్దీ నవలే కాక, కజువో ఇషిగురో ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ కూడా పాఠకుల దాకా రానేలేదు.

చివరకు ఓట్లలో నెగ్గింది మైఖేల్ ఒండాట్జీ ‘ది ఇంగ్లిష్ పేషెంట్’. 1992లో న్యాయనిర్ణేతలు ఎటూ తేల్చుకోలేక బ్యారీ అన్స్‌వర్త్ ‘సేక్రెడ్ హంగర్’తో కలిపి బహుమతిని పంచిన నవల అది. ఒకే విజేత ఉండాలన్న నిబంధన ఆ పంపకం తర్వాత వచ్చిందే. తన నవలే అన్నిటికన్నా గొప్పదని క్షణమైనా నమ్మడం లేదని ఒండాట్జీ వేదిక మీదే చెప్పారు. ఆ నవలను 1996లో సినిమాగా తీసిన దివంగత ఆంథొనీ మింగెల్లాకు ఈ ఓట్లలో పాత్ర ఉండి ఉంటుందని కూడా ఆయన అన్నారు.