మగపెళ్ళివారి తాలూకు మనిషి

చిరంజీవులు చిన్నోడికీ, బుజ్జికీ తాతయ్య దీవెనలు.

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. బుజ్జి మర్చిపోయిన చెప్పులు నానమ్మ కడిగి దాచింది. వేసవి సెలవులకి పాదం పెరిగి అవి పట్టవని చెప్పినా వినలేదు.

చిన్నోడా, కనుమ నాడు అరుగు మీద నువ్వడిగిన ప్రశ్నకి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. భోగి మంట దగ్గరికి రాలేదు నువ్వు. గాలిపటం ముట్టుకోలేదు. గంగిరెద్దు వస్తే గుమ్మం దాకా కూడా రాలేదు. నాలుగోసారి బతిమాలితే గానీ నోరు విప్పలేదు. రెండేళ్ళుగా ఆడుతున్న ఆటలో అకౌంట్ పోయిందనీ, కూడబెట్టుకున్న డ్రెస్సులు, గన్ స్కిన్లు (ఆటలో తుపాకులకి వేసే అలంకారాలు) అన్నీ ఎవడో పట్టుకుపోయాడనీ అప్పుడు చెప్పావు. "మీ ఐడీ లక్కీ డ్రాలో గెలిచింది, పదివేల డైమండ్లు, రాత్రి పన్నెండు లోపు తీసుకోండి" అని మెసేజ్ వచ్చింది. డైమండ్లంటే ఆ ఆటలో చెల్లే డబ్బన్నమాట. లింకు నొక్కావు. అచ్చం ఆటలో ఉన్నట్టే బొమ్మలున్న పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొట్టావు, ఫోనుకి ఓటీపీ వచ్చింది, అదీ కొట్టావు. తర్వాత నన్నడిగావు: "తాతయ్యా, నేను దొంగకి చెప్పలేదు కదా, కంపెనీ వాళ్ళకే చెప్పాను. ఓటీపీ కూడా నిజం కంపెనీ నుంచే వచ్చింది. మరి ఎలా పోయింది?"

చాలా మంచి ప్రశ్న అది. ఆ ఓటీపీ నిజంగా కంపెనీదే. నువ్వు అబద్ధమాడలేదు, తెలివితక్కువగానూ చెయ్యలేదు. దీనికి జవాబు చెప్పాలంటే మా మేనత్త పెళ్ళి దాకా వెళ్ళాలి.

అప్పటికి నాకు పదేళ్ళు. కాలవ గట్టు మీద మా పాతిల్లు, వీధంతా తాటాకు పందిరి. మగపెళ్ళివారికి నాలుగిళ్ళవతల విడిది. రాత్రి ముహూర్తం. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో నీళ్ళు చల్లిన మట్టి వాసన, మల్లెపూల వాసన కలిసిపోయి ఉండేవి. వెండి సామాను, చీరలు, సారె పెట్టెలు అన్నీ సామాన్ల గదిలో పెట్టి, తాళంచెవి మా నాయనమ్మ బొడ్లో దోపుకుంది. ఆవిడ ఆ గుమ్మం వదిలి కదిలేది కాదు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకునేది.

సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చాడు. జరీ అంచు పంచె, కండువా, చేతికి వాచీ. మా వాళ్ళు అతన్ని చూసి మగపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. అటువాళ్ళు ఆడపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. రెండు చోట్లా మర్యాదలు జరిగాయి. పెళ్ళింట్లో "మీరెవరి తాలూకండీ" అని మొహం మీద అడగడం ఎంత కష్టమో మీరు పెద్దయ్యాక తెలుస్తుంది. అందులోనూ మగపెళ్ళివారంటే భయం. ఒక్క మాట తేడా వస్తే అలిగి కూర్చుంటారు.

ఆయన పందిట్లో ఆడుకుంటున్న నన్ను పిలిచి, తల నిమిరి, "బాబూ, నువ్వు పెళ్ళికూతురి మేనల్లుడివి కదూ? విడిదిలో పెద్దవాళ్ళు కూర్చున్నారు, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి పంపమన్నారు. తొందరగా తే నాన్నా, ఆలస్యమైతే మావాళ్ళకి కోపాలొస్తాయి" అన్నాడు. నేను పరిగెత్తాను. నాయనమ్మ "ఎవరడిగారు రా?" అంది. "మగపెళ్ళివారే నాయనమ్మా" అన్నాను. తాళం తీసింది. వెండి గిన్నె, వెండి బుడ్డి నా రెండు చేతుల్లో పెట్టింది. వాటి చల్లదనం నాకింకా గుర్తే. పట్టుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. నా బుగ్గ గిల్లి, విడిది వైపు నడిచాడు. విడిది దాటి కూడా నడుచుకుంటూనే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికి వద్దాం. నీకు మెసేజ్ పెట్టినవాడు నీతో "నేను కంపెనీ వాణ్ణి" అన్నాడు. నువ్వు దొంగ పేజీలో పాస్‌వర్డ్ కొట్టగానే దాన్ని తీసుకెళ్ళి అసలు కంపెనీ గుమ్మంలో నిలబడి "నేను చిన్నోణ్ణి" అన్నాడు. కంపెనీకి అనుమానమొచ్చింది. కొత్త ఫోన్ నుంచి ఎవరో వచ్చారు, నిజంగా చిన్నోడేనా అని నీ ఫోనుకి ఓటీపీ పంపింది. అదే మా నాయనమ్మ అడిగిన "ఎవరడిగారు రా?" అన్న ప్రశ్న. ఆవిడ ప్రశ్న నిజమే, నీకొచ్చిన ఓటీపీ నిజమే. జవాబు మాత్రం నా నోటితో దొంగ చెప్పించుకున్నాడు, నీ వేలితో కూడా దొంగే కొట్టించుకున్నాడు. ఇద్దరి మధ్యా నిలబడి ఇటువాళ్ళకి అటువాడిలా, అటువాళ్ళకి ఇటువాడిలా కనిపించడం తప్ప వాడికి వేరే విద్య అక్కర్లేదు.

నాయనమ్మ గానీ నేను గానీ విడిదికి ఒక్క నడక నడిచి "మీరు గంధం గిన్నె అడిగారా?" అని అడిగుంటే అయిపోయేది. నాలుగిళ్ళ దూరం. మీకు అంత దూరం కూడా లేదు. మెసేజ్‌లో లింకు వదిలేసి, మీ ఫోన్లో ఉన్న ఆటని మీరే తెరిచి చూడండి. నిజంగా బహుమతి వచ్చుంటే ఆటలోపల ఉత్తరాల పెట్టెలో ఉంటుంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటలో బహుమతి తీసుకోవడానికిచ్చే రిడీమ్ కోడ్‌లు ఆ ఆట కంపెనీ గరీనా సొంత రివార్డ్స్ పేజీలోనే చెల్లుతాయి. ఆ పేజీకి కూడా అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్ళాలి, ఎవడో పంపిన లింకు పట్టుకుని వెళ్ళకూడదు.

పెళ్ళిలో చదివింపులు చూశారు కదా. "ఫలానా వారు నూట పదహార్లు" అని చదువుతారు, పుస్తకంలో రాస్తారు. చదివించేవాడు ఎవరికి ఇస్తున్నాడో పేరు చెబుతాడు గానీ మన బీరువా తాళం అడగడు. డైమండ్లూ అంతే. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్లకైనా, బీజీఎంఐలో (పబ్జీ బదులు మన దేశంలో వచ్చిన ఆట) యూసీ అనే ఆట డబ్బుకైనా ప్లేయర్ ఐడీ నంబర్ ఒక్కటి చాలు, పాస్‌వర్డ్‌తో పని లేదు. ఇచ్చేవాడు పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వడానికి రాలేదన్నమాట. "క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు, గెలిచిన డబ్బు నీ ఖాతాలో పడుతుంది" అనేవాడూ ఆ జాతే. యూపీఐ పిన్ మన దగ్గర్నుంచి డబ్బు వెళ్ళడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఇది మీ అమ్మకి కూడా చెప్పండి.

లింకుల సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ అడ్రస్‌కి ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట్లో జంటగా ఉండే రెండు స్లాష్ గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ గీత దగ్గర ఆగి వెనక్కి చదవండి. డాట్ కామ్‌కి ఆనుకుని ఎడమ పక్కనున్న మాటే ఇంటిపేరు. దానికి ముందు చుక్క పెట్టి ఏ పేరైనా తగిలించుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు. బుజ్జి ఆడే రోబ్లాక్స్ ఆటనే తీసుకోండి. "రోబ్లాక్స్ డాట్ ఏదో బహుమతి డాట్ కామ్" అని ఉంటే అది ఏదో బహుమతి వాళ్ళింటి మనిషే, రోబ్లాక్స్ అని పేరు పెట్టుకున్నాడంతే. ఇంగ్లీషు "ఓ" అక్షరం బదులు సున్నా పెట్టేవాళ్ళున్నారు, చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టేవాళ్ళున్నారు. ఒకటో తరగతిలో బుజ్జికి ప, వ తడబడ్డట్టు మన కళ్ళు తడబడాలనే వాళ్ళ ఆశ.

బుజ్జీ, నీ రోబ్లాక్స్‌లో ఇంకో రకం ఉంది. దాని గురించి చదివి ఆశ్చర్యపోయాను. పెళ్ళికి వచ్చినవాళ్ళకి గుమ్మంలో పన్నీరు చల్లి గంధం రాస్తారు. గంధం ఉన్నవాణ్ణి లోపల మళ్ళీ ఎవరూ అడగరు. వెబ్‌సైట్ కూడా అంతే. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాక నీ బ్రౌజర్‌కి ఒక గుర్తు పెడుతుంది, దాన్ని కుకీ అంటారు. అది ఉన్నంతసేపు మళ్ళీ పాస్‌వర్డ్ అడగదు. రోబక్స్ అంటే ఆ ఆటలో చెల్లే డబ్బు కదా. "ఉచితంగా రోబక్స్ ఇస్తాను, ఈ పేజీలో ఈ ముక్క కాపీ చేసి పంపు" అంటాడే, వాడడిగేది ఆ గంధం బొట్టునే. అది చేతికి చిక్కితే పాస్‌వర్డ్ లేకుండానే, ఓటీపీ లేకుండానే నీలా లోపలికి వెళ్తాడు. అందుకని రోబ్లాక్స్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ కుకీ మొదట్లోనే ఇంగ్లీషులో రాసిపెట్టారు: హెచ్చరిక, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు, ఇస్తే ఎవరైనా నీలా లాగిన్ అయ్యి నీ రోబక్స్, వస్తువులు దొంగిలించగలరు అని. మనుషులు మామూలుగా చూడని ఆ అక్షరాల గుట్టలో, ఎప్పుడో ఒక పిల్ల మోసపోయి దాన్ని కాపీ చేస్తుందేమోనని, ఆ ఒక్క క్షణం కోసం ఎవరో కూర్చుని ఆ మాటలు రాశారు. ఎక్కడి మనిషో, ఎవరి పిల్లల కోసమో. నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఉచితంగా రోబక్స్ పుట్టించే మిషన్లేవీ లేవని కూడా ఆ కంపెనీయే తన సహాయం పేజీల్లో చెబుతోంది.

ఇక ఫ్రెండ్ పేరుతో వచ్చే మెసేజ్. "రేయ్, టోర్నమెంట్లో మా టీమ్‌కి ఓటెయ్" అని నీ స్నేహితుడి ఐడీ నుంచే లింకు వస్తుంది. వాడి అకౌంట్ అప్పటికే పోయిందేమో నీకు తెలీదు. మనవాడి కండువా వేసుకుని వచ్చిన దొంగ అన్నమాట. మాట్లాడే పద్ధతి చూసి తేల్చుకోకు, ఫోన్ చేసి గొంతు విను. ఆట ఆగిపోయినప్పుడు కూడా జాగ్రత్త. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని మన ప్రభుత్వం ఆపింది. అలాంటప్పుడు "ఈ ఫైల్ వేసుకుంటే పాత ఆట నడుస్తుంది" అని వచ్చేవాటిని నమ్మి ఫోన్లో ఎక్కించుకోవద్దు.

ఇదంతా రాశాను గానీ అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు.

గంధం గిన్నె పోయిందని ఆ రాత్రే తెలిసింది. నన్ను ఎవరూ అడగలేదు. గొడవలో నాయనమ్మకి నేను వచ్చి అడిగిన సంగతి గుర్తులేదు, పదిమంది పదిసార్లు వచ్చి ఏదో ఒకటి పట్టుకెళ్తూనే ఉన్నారు కదా. నేను చెప్పలేదు. నాన్న కొడతారని భయం. తెల్లారి, వంటవాళ్ళతో వచ్చిన కుర్రాణ్ణి నిలబెట్టారు. నా ఈడువాడే, ఒకటి రెండేళ్ళు పెద్ద. వాడి గుడ్డసంచీ విప్పించి నేల మీద దులిపారు. ఒక చొక్కా, ఒక దువ్వెన, ఆకులో చుట్టుకున్న నాలుగు లడ్డూలు పడ్డాయి. లడ్డూలు దాచుకున్నందుకు వాడు సిగ్గుతో తల వంచుకున్నాడు. నేను స్తంభం చాటున నిలబడి చూస్తున్నాను. మధ్యాహ్నానికి వంటవాళ్ళు బండి కట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు నేను నాయనమ్మతో చెప్పాను. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. "నిన్ననే చెప్పుంటే ఆ పిల్లాడికి కడుపునిండా భోజనం పెట్టి పంపేవాళ్ళం కదరా" అంది.

అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. గిన్నె కోసం నేనెప్పుడూ బాధపడలేదు. ఆ లడ్డూలు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

అందుకే చిన్నోడా, నువ్వు ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు తిరిగావని తెలిసినప్పుడు నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. అకౌంట్ పోతే పోయింది. నువ్వు ఒక్కడివీ మోసుకు తిరగడమే నాకు నచ్చలేదు. అదీ కాక, వెంటనే చెబితే చాలా పనులు చెయ్యొచ్చు. పాస్‌వర్డ్ మార్చొచ్చు, అన్ని ఫోన్ల నుంచీ లాగౌట్ చేయించొచ్చు, అప్పుడు దొంగ నుదుటి మీద గంధం కూడా చెరిగిపోతుంది. నీ ఐడీతో నీ స్నేహితులకి వాడు మెసేజ్‌లు పెట్టకముందే వాళ్ళకి చెప్పొచ్చు. డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదుకున్న 1930 నంబర్‌కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది. డబ్బు దొంగ ఖాతా నుంచి ఇంకో చోటికి పోకముందే బ్యాంకులు ఆపడానికి వీలుంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా రాయొచ్చు. గంటలో చెప్పడానికీ మూడు రోజులకి చెప్పడానికీ అంత తేడా ఉంది. మీ నాన్న కోప్పడితే నా పేరు చెప్పండి. ఈ ఉత్తరం చూపించండి. చిన్నప్పుడు ఆయన ఏం పోగొట్టుకొచ్చినా నేను కొట్టలేదు, ఆ సంగతి గుర్తు చెయ్యండి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇద్దరూ నాన్న పక్కన కూర్చుని గూగుల్ అకౌంట్లో సెక్యూరిటీ అనే చోటు తెరవండి. మీ అకౌంట్ ఏయే ఫోన్లలో, ఏయే కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ జాబితా కనిపిస్తుంది. ఒక్కొక్కదాన్నీ వేలు పెట్టి చూపించి "మీరెవరి తాలూకండీ" అని అడగండి. ఎవరిదో తెలియనిది ఉంటే అక్కడే బయటికి పంపెయ్యొచ్చు. రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి నువ్వేనా అని అడగడం) కూడా అక్కడే ఉంటుంది, లేకపోతే పెట్టించుకోండి. మొత్తం ఎన్ని వచ్చాయో నాకు ఫోన్ చేసి చెప్పండి.

నాది నిన్న చూసుకున్నాను. రెండున్నాయి, ఒకటి నా ఫోను, రెండోది మీ నాన్న పాత ల్యాప్‌టాప్. అది ఇప్పుడెవరి దగ్గరుందో కనుక్కుని చెప్పండి.

మీ తాతయ్య