వెనకాల డీజిల్ ఉంటే స్టీమ్ ట్రిప్పు మోసమేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

యూకేలో సరదా ప్రయాణాలకి నడిపే ఆవిరి ఇంజన్ (స్టీమ్) రైలు ట్రిప్పుకి ముందురోజు రాత్రి పదింటికి మళ్ళీ అదే మెసేజ్. "అన్నా, రేపటి ట్రైన్ డీజిల్ అంట, ట్రాకర్‌లో చూశా, స్క్రీన్‌షాట్ పెట్టా చూడు, కాన్సిల్ చేసేసుకోమంటావా?" పాపం లెస్టర్ నుంచి పిల్లలతో రావాలి, హోటల్ కూడా బుక్ చేసుకున్నారు, టెన్షన్ ఉండదా మరి. ఇక్కడ యూకేలో నేను వారమంతా ఆఫీసు పని, వీకెండ్ అయితే మెయిన్ లైన్ మీద తిరిగే ఒక స్టీమ్ ఇంజన్‌కి సపోర్ట్ క్రూలో వాలంటీరు. నూనె పొయ్యడం, నీళ్ళు పట్టడం, బూడిద తియ్యడం, అదీ నా డ్యూటీ. మన తెలుగు గ్రూపుల్లో ఇది తెలిసినప్పటి నుంచి సీజన్ మొదలైతే చాలు ఈ ప్రశ్నే వస్తుంది, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా, ఇకమీదట లింకు పంపిస్తా.

ముందు ఆ స్క్రీన్‌షాట్ సంగతి. అందులో డీజిల్ అనే ఉంది, నిజమే. ఇక్కడి టైంటేబుల్ డేటాలో ప్రతి రైలుకీ పవర్ టైప్ అని ఒక గడి ఉంటుంది. డీజిల్‌కి కోడ్ ఉంది, ఎలక్ట్రిక్‌కి ఉంది, విడిగా ఇంజన్ లేని డీఎంయూకి ఈఎంయూకి ఉంది, స్టీమ్‌కి మాత్రం అసలు కోడే లేదు. దాంతో స్టీమ్ ట్రిప్పుని కూడా డీజిల్ కిందే ఎక్కిస్తారు, ట్రాకర్ సైట్ దాన్నే మీకు చూపిస్తుంది. అంతే కథ. దీన్ని పట్టుకుని ఎవడో "స్టీమ్ క్యాన్సిల్" అని ఫార్వర్డ్ చెయ్యడం, అది పది గ్రూపులు తిరిగి మళ్ళీ నా దగ్గరికే రావడం! రైలు నంబరు 1జెడ్‌తో మొదలైతే అది చార్టర్ రైలు, అంటే ప్రత్యేకంగా నడిపేది, ట్రాకర్‌లో మీరు చూడాల్సింది ఆ నంబరూ టైమూ, అంతవరకే. స్టీమ్ ఉందా లేదా అన్నది టికెట్ అమ్మిన కంపెనీ మెయిల్‌లోనో వాళ్ళ సైట్‌లోనో చూడండి.

ఇక అసలు అపోహ, జనాన్ని ఎక్కువగా ముంచేది ఇదే: "వెనకాల డీజిల్ తగిలించారంటే తోసేది అదే, ముందున్న స్టీమ్ ఇంజన్ ఊరికే పొగ వదలడానికి." ఈ మాట నమ్మి స్టేషన్‌కి వచ్చి కూడా ఎక్కకుండా గొడవపడిన వాళ్ళని చూశా, రెండొందల మైళ్ళు కారేసుకొచ్చి ప్లాట్‌ఫాం చివర డీజిల్ కనిపించగానే మొహం మాడ్చుకుని వెనక్కెళ్ళిన వాళ్ళనీ చూశా.

లెక్క చూడండి. ఇలాంటి ట్రిప్పులకి ఎక్కువగా వాడే క్లాస్ 47 డీజిల్ ఒక్కటే వంద టన్నుల పైమాట. పాత మార్క్ 1 పెట్టె ఒక్కోటి సుమారు 35 టన్నులు. అంటే ఆ డీజిల్ పవర్ ఇవ్వకుండా వెనకాల ఊరికే దొర్లుతూ వస్తుంటే స్టీమ్ ఇంజన్ మీద ఇంకో మూడు పెట్టెల బరువు పడ్డట్టు. చాలా ట్రిప్పుల్లో ఎక్కువ దూరం జరిగేది ఇదే. తోడుగా ఉందనుకునేది కాస్తా బరువవుతుంది, స్టీమ్ డ్రైవరూ ఫైర్‌మనూ తిట్టుకుంటూ లాగుతారు.

మరి ఎందుకు తగిలిస్తారు అంటారా, కారణం ఒకటి కాదు. బ్రిటిష్ రైల్వేలో స్టీమ్ 1968 ఆగస్టులో ముగిసింది, ఆ తర్వాత ఇంజన్‌ని వెనక్కి తిప్పే టర్న్‌టేబుళ్ళు పీకేశారు, నీళ్ళు పట్టే వాటర్ కాలమ్‌లు పీకేశారు, చాలా స్టేషన్లలో ఇంజన్ ఇటు నుంచి అటు మారే లూప్ లైన్లు కూడా తీసేశారు. అలాంటి డెడ్ ఎండ్ స్టేషన్‌లోకి వెళ్ళాక రైలుని రెండో వైపు నుంచి బయటికి లాగాలంటే ఆ వైపు ఇంకో ఇంజన్ ఉండాల్సిందే. ఏసీ పెట్టెలు పెడితే వాటికి కరెంటు కావాలి, ఆవిరి ఇంజన్ ఇవ్వలేదు, 47 ఇస్తుంది. తర్వాత ఆకులు రాలే కాలం, పట్టాల మీద ఆకులు నలిగి జారుడు మట్టిలా తయారవుతాయి, ఎత్తు ఎక్కుతూ చక్రాలు జారి రైలు ఆగిపోయిందనుకోండి, వెనకాల పాసింజర్లు, గూడ్సులు అన్నీ లైన్ కట్టేస్తాయి, ఆ ఆలస్యానికి డబ్బు లెక్కలు వేరే ఉంటాయి. ఎండలు ముదిరితే ఇంకో గొడవ, పొగగొట్టంలోంచి లేచిన నిప్పురవ్వ ఎండుగడ్డి మీద పడితే రైతు పొలం తగలబడుద్ది. అలాంటప్పుడు ఎత్తు మీద డీజిల్‌ని తొయ్యమంటారు, స్టీమ్‌ని మెల్లగా నడుపుతారు. ఆ ఒక్క సందర్భంలో మీ అనుమానం కొంత నిజం, ఒప్పుకుంటా.

అయినా ఎత్తు మీద వెనక నుంచి తొయ్యడం ఈ మధ్య పుట్టిన తప్పుడు పనేం కాదు. ఎడ్లబండి గట్టెక్కేటప్పుడు వెనక ఇద్దరు భుజం పెడితే అది ఎడ్లబండి కాకుండా పోతుందా? స్టీమ్ రోజుల్లోనే షాప్ బ్యాంక్ అనే ఎత్తు ఎక్కడానికి టేబే స్టేషన్ దగ్గర బ్యాంకర్ ఇంజన్లు, అంటే వెనక నుంచి తోసేవి, కాచుకుని ఉండేవి. బ్రోమ్స్‌గ్రోవ్ దగ్గర లిక్కీ ఎత్తు కోసమని 1919లో పది చక్రాల ఇంజన్ ఒకటి ప్రత్యేకంగా కట్టారు, 1956 దాకా దాని ఉద్యోగం తొయ్యడమే. మనవాళ్ళకి ఇంత దూరం కూడా అక్కర్లేదు, ముంబై నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వచ్చినవాళ్ళు కర్జత్‌లో వడాపావ్ తింటూ వెనకాల బ్యాంకర్లు తగిలించడం చూసే ఉంటారు.

డీజిల్ పనిచేస్తుందో లేదో చెవులతోనే తెలిసిపోద్ది. సెటిల్-కార్లైల్ లైన్‌లో సెటిల్ జంక్షన్ నుంచి సుమారు 15 మైళ్ళు వంద అడుగులకి ఒక అడుగు చొప్పున ఎత్తు, లాంగ్ డ్రాగ్ అంటారు దాన్ని, ఇరవై నాలుగు ఆర్చీల రిబుల్‌హెడ్ వంతెన వచ్చేది కూడా దాని మీదే. లీడ్స్‌లో ఉండే ఫ్రెండు వాళ్ళ నాన్నగారు ఒకసారి ఆ ట్రిప్పుకి వచ్చారు, బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేసిన మనిషి. ఎక్కిన దగ్గర్నుంచి మనవడు "తాతయ్యా, నిజానికి వెనకాల డీజిల్ తోస్తోంది, ఇది షో" అని చెవిలో జోరీగలా. పెద్దాయన ముందు పెట్టెలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు, ఎత్తు మొదలయ్యాక మోకాలి మీద వేలితో తాళం వేస్తూ "లోడు మీద ఉందిరా బండి, బీటు వినపడట్లా?" అన్నారు. బీటంటే పొగగొట్టంలోంచి ఛఫ్ ఛఫ్‌మని పడే దెబ్బ. కాసేపాగి నా వైపు తిరిగి "ఇదేందబ్బాయ్, దెబ్బలు ఎక్కువ పడతన్నాయే, మా డబ్ల్యూపీ ఇంజన్‌కి నాలుగే గదా" అన్నారు. ఆరోజు ముందున్నది జూబిలీ క్లాస్, మూడు సిలిండర్లు, చక్రం ఒక్కసారి తిరిగితే ఆరు దెబ్బలు. చెప్పగానే "ఓహో, మధ్యలో ఇంకోటి పెట్టారా, దానికి నూనె పొయ్యాలంటే కిందకి దూరాల్సిందే, సచ్చాడు ఫైర్‌మన్" అని నవ్వారు. నిజమే, అందులోకి దూరేది ఇప్పుడు మేమే, బాడీ నిండా గ్రీజు.

కాబట్టి మీరూ అదే చెయ్యండి. దెబ్బలు పదునుగా, గట్టిగా, విడివిడిగా పడుతున్నాయా, ఇంజన్ కష్టపడుతోంది. ముందు శబ్దం మెత్తగా ఉండి వెనక నుంచి డీజిల్ గుర్ర్ అంటోందా, అప్పుడు తోస్తోంది. లైన్ పక్కన నిలబడితే మరీ తేలిక, రైలు దాటాక చివర్లో డీజిల్ రొద పెంచుకుంటూ పోయిందా, సైలెంట్‌గా పోయిందా అన్నది చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

మిగతావి గబగబా.

"స్టీమ్ రాకపోతే డబ్బులు వాపస్." చాలా కంపెనీల షరతుల్లో ఇంజన్ మార్చే హక్కు వాళ్ళకే ఉంటుంది, డీజిల్ వచ్చినా రైలు నడిస్తే పూర్తి రీఫండ్ ఆశ పెట్టుకోవద్దు. బుక్ చేసే ముందు ఆ పేరా ఒక్కటి చదవండి. అలాగని రూమర్ చూసి మీరే కాన్సిల్ చేసుకుంటే ఇంకా నష్టం, చివరి రోజుల్లో వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు.

"మిల్టన్ కీన్స్‌లో ఎక్కాం, ముందు ఎలక్ట్రిక్ ఇంజన్ ఉంది, మోసపోయాం." లండన్ యూస్టన్ నుంచి వెళ్ళే కొన్ని ట్రిప్పుల్లో కార్న్‌ఫోర్త్ దాకా లాగేది ఎలక్ట్రిక్కో డీజిలో, స్టీమ్ అక్కడ తగిలిస్తారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా స్టీమ్ అన్నది ఐటినరరీలో ఉంటుంది బాబూ, కాస్త కిందకి స్క్రోల్ చెయ్యండి.

"స్టీమ్ ఎంత దూరంలో ఉన్నా వినిపిస్తుంది, కాసేపు కంచె దాటితే ఏం కాదు." దీని మీద నాకు ఓపిక లేదు. పక్క ట్రాక్ మీద మామూలు రైలు చప్పుడు లేకుండా వస్తుంది. 2016 ఫిబ్రవరిలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరున్న స్టీమ్ ఇంజన్ రిపేరయ్యి యార్క్ వెళ్తుంటే జనం పట్టాల మీదకి వచ్చి దారిలో దాన్నే ఆపేశారు. 1000 పౌండ్ల దాకా ఫైన్, పోలీసు కేసు.

చివరిగా, అందరూ అడిగే స్కాట్లాండ్ జాకోబైట్, ఫోర్ట్ విలియం నుంచి మాలైగ్ వెళ్ళే స్టీమ్ రైలు. దానికి మామూలుగా వెనకాల డీజిల్ ఉండదు, మాలైగ్‌లో ఇంజనే ఇటు నుంచి అటు వచ్చి తగులుకుంటుంది. అక్కడ టర్న్‌టేబుల్ లేదు కాబట్టి తిరుగు ప్రయాణంలో బొగ్గూ నీళ్ళూ ఉండే టెండర్ ముందుంటుంది, ఫోటోలో ఇంజన్ మొహం సరిగ్గా పడదు. ఆ దారిలోని గ్లెన్‌ఫినన్ వంతెన దగ్గర ఫోటో కావాలంటే పొద్దున మాలైగ్ వైపు వెళ్ళే రైలుకే వెళ్ళండి, కార్ పార్క్ చిన్నది, తొందరగా నిండిపోద్ది.