బాప్తిస్మం లేకుండా పోయినవాళ్ల మాటేమిటి? ఒంగోలు పల్లెల్లో మళ్ళీ రేగిన పాత ప్రశ్న

ఒంగోలు దగ్గరి ఒక పల్లెలో ఈమధ్య జరిగిన జ్ఞాపకార్థ కూడిక వీడియో వారం రోజులుగా సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. చనిపోయిన పెద్దాయన బాప్తిస్మం తీసుకోలేదు. భార్య, కొడుకులు, కోడళ్లు అందరూ సంఘ సభ్యులే. బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు, కుటుంబం ముందు వరసలో కూర్చుని ఉండగానే, "ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో మీకు తెలుసు, మీరైనా అక్కడికి పోకండి" అన్నాడు. పెద్దకొడుకు లేచి మైకు ఆపించాడు. అక్కడి నుంచి మాటా మాటా పెరిగింది. బోధకుడు వాక్యమే చెప్పాడని కొందరు, శవం లేచిన ఇంట్లో అనాల్సిన మాట కాదని కొందరు. ఈ రెండో వాదనలో మర్యాద గురించిన మాటే ఎక్కువగా వినిపిస్తోంది కానీ, అసలు ప్రశ్న అంతకంటే పెద్దది. అంత్య తీర్పు నాడు ఎవరు ఎటువైపు నిలబడతారో చెప్పే అధికారం మనుషులకు ఉందా? ఈ ప్రాంతంలో క్రైస్తవం వేళ్లూనిన రోజుల్లో ఈ ప్రశ్నకు ఏ జవాబు ఉండేది?

అమెరికా బాప్టిస్టు మిషనరీలు డే దొర 1840లో నెల్లూరులో కాపురం పెట్టడం, జువెట్ దొర 1854 జనవరి 1న ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కడం ఇక్కడి క్రైస్తవులు సండే స్కూలు నుంచి వింటున్న కథలే. వాటిని మళ్ళీ చెప్పను. నేటి తగాదాకు ముడి పడిన చోటు నా దృష్టిలో ఒక్కటే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేసిన పదిహేను నెలలు.

1876లో వానలు పడలేదు. మరుసటి ఏడూ అంతే. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చనిపోయారు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం మొదలుపెడితే, అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వే పని నేర్చిన మనిషి కాబట్టి ఆయనకది కొత్త కాదు. తన ప్రసంగికులనే మేస్త్రీలుగా పెట్టాడు. కూలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఇంకా ఎన్నో కులాలవాళ్లు వచ్చారు, ఎన్నో ఊళ్ల నుంచి వచ్చారు. పగలు మట్టి మోసేవాళ్లు. పొద్దుగూకాక ప్రసంగికుల చుట్టూ కూర్చునేవాళ్లు. ఆ గుంపుల్లో ఎక్కువగా వినిపించిన వాక్యం అగ్నిగుండం గురించినది కాదు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అన్నది. తట్ట నెత్తిన పెట్టుకున్నవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

జనం బాప్తిస్మం అడిగారు. వందల్లో అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని, సాయం కోసం వచ్చినవాళ్లెవరో నమ్మి వచ్చినవాళ్లెవరో కరువు తీరాక గానీ తేలదని ఆయన ఉద్దేశం. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ పదిహేను నెలల్లోనే ఆకలి, కలరా కలిసి ఊళ్లను ఊడ్చేశాయి. అడిగి, కాదనిపించుకుని, కాలువ గట్టునో తిరుగుదారిలోనో ప్రాణం విడిచినవాళ్లు ఎందరో ఎవరూ లెక్క రాయలేదు. వాళ్ల పేర్లు ఏ సంఘ పుస్తకంలోనూ లేవు.

ఇప్పటి వీడియోకు అటూ ఇటూ వాదించేవాళ్లలో ఈ విషయం ఎత్తినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి. నీళ్లలో మునగకుండా చనిపోయినవాడు నేరుగా నరకానికి పోతాడని క్లౌ నమ్మి ఉంటే, కళ్లముందు రాలిపోతున్న మనుషులకు బాప్తిస్మం నిరాకరించడం కంటే క్రూరమైన పని ఉండదు. ఆయన ఆపగలిగాడంటే కారణం ఒకటే. రక్షణ విశ్వాసం వల్ల, బాప్తిస్మం దానికి సాక్ష్యం. బాప్టిస్టుల మూల బోధ ఇదే. వేరే చోట్ల చాలా సంఘాలు చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డకు ఆదరాబాదరాగా నీళ్లు చల్లుతాయి. ఒంగోలు బాప్టిస్టు మిషను అంత చావు మధ్యలో కూడా ఆగమంది. అలా ఆగమన్న మిషను నీడన పెరిగిన పల్లెలోనే, ఒక ముసలాయన బాప్తిస్మం తీసుకోలేదన్న ఒక్క కారణంతో ఆయన నిత్య గతిని మైకులో తేల్చేశారు.

కరువు తగ్గుముఖం పట్టింది, కూలి పని అయిపోయింది, ఇక పంచడానికి డబ్బు లేదు. అయినా జనం వచ్చారు. మీ దగ్గర మాకేమీ అక్కర్లేదు, మా చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకు బతకగలం, మళ్ళీ పంట పోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగా చావాలి అన్నారని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు ప్రసంగికులు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో దిగడం, అలిసిపోతే మరో ఇద్దరు దిగడం. ఆ రోజు క్లౌ ఒడ్డునే ఉన్నాడు. ఈ సంఖ్య ప్రపంచమంతా మోగింది, ఇప్పటికీ ప్రతి జూబిలీలో వినిపిస్తుంది. ఆ ఒడ్డు దాకా రాలేకపోయినవాళ్ల ఊసు మాత్రం జూబిలీ సంచికల్లో ఉండదు. నీళ్లలో దిగిన ఆ రెండువేల పైచిలుకు మందిలో, అంతకు కొన్ని నెలల ముందు తల్లినో బిడ్డనో మట్టిచేయనివాళ్లు ఎందరుంటారు?

"చస్తే క్రైస్తవులుగా చావాలి" అన్నది నరక భయమేగా అని బోధకుడి తరఫువాళ్లు అడగవచ్చు. కొంత ఉండే ఉంటుంది. కానీ పల్లెకు తీర్పు బోధ చేరింది భయంగా మాత్రమే కాదు. కరణం రాసిన లెక్కే లెక్క, రెడ్డి చెప్పిందే తీర్పు అయిన కాలం అది. మాదిగకు సాక్ష్యం చెప్పుకోను చోటు లేదు. అలాంటివాళ్ల దగ్గరికి ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయం వచ్చింది. తెల్లని సింహాసనం ముందు "గొప్పవారేమి కొద్దివారేమి" అందరూ నిలబడతారని, గ్రంథాలు విప్పుతారని, ఎవరి క్రియల చొప్పున వాళ్లకు తీర్పని. కరణం దస్త్రం కాని ఇంకో దస్త్రం ఉందన్న మాట అది. మత్తయి ఇరవై అయిదులో రాజు అడిగేది కూడా ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చావా అనే. కరువు దాటి వచ్చినవాళ్లు ఆ ప్రశ్నలు వింటే ఎవరి వైపు చూసి ఉంటారు? నీళ్లిచ్చే బావి దగ్గరికి రానివ్వనివాళ్ల వైపే. అణగారినవాళ్లకు న్యాయం దొరుకుతుందన్న కబురుగా వచ్చిన బోధను ఇవాళ ఆ అణగారినవాళ్ల తాతముత్తాతల మీదికే తిప్పడం నాకు బాధగా ఉంది.

ఆ తాతముత్తాతలు ఎలాంటివాళ్లు? ఇందుకోసం పన్నెండేళ్లు వెనక్కి పోవాలి. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటి పల్లెల మాదిగ, తోళ్ల వ్యాపారి. క్లౌను చూడకముందే విగ్రహాలు వదిలేసి, ఒక మహిళా గురువు దగ్గర యోగం నేర్చి, దేవుడొక్కడేనని వెతుక్కుంటూ తిరిగినవాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం పల్లెల్లోకి పాకింది చాలావరకు ఆయన వల్లే. క్లౌ రావడం పదేళ్లు ఆలస్యమై, పేరయ్య అలా వెతుకుతూ వెతుకుతూనే కన్నుమూసి ఉంటే? ఆయనకు నేర్పిన గురువు సంగతేమిటి? ఇవి నేను కల్పిస్తున్న అనుమానాలు కావు, మొదటి తరం ఇళ్లలో తప్పక పుట్టే ప్రశ్నలు. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాను గురించి రాసిన ఉత్తరంలో కూడా ఇదే ఉంది. చనిపోయిన తల్లిదండ్రులకు ఇక విడుదల లేదని చెబితే కొత్త విశ్వాసులు ఏడ్చారని రాశాడు.

క్లౌ కూడా మారాడు. చదువు ముగించి 1865లో ఇండియాకు వచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆ కాలపు మిషనరీల ఆలోచనే. క్రీస్తును ఎరగని జనం గుంపులు గుంపులుగా నాశనానికి పోతోందని, ఇక్కడి మతాలన్నీ వట్టి అబద్ధమని. 1910లో ఆయన చనిపోయాక, భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆయన మాటల్లోనే రాసి 1914లో అచ్చువేయించిన జీవిత కథలో, ఆ చూపు ఇక్కడి మనుషుల మధ్య ఎలా మెత్తబడిందో ఆయన దాచుకోకుండా చెప్పాడు. నరకం లేదన్నవాడు కాదు ఆయన. వెతికినవాళ్లను గౌరవించడం నేర్చుకున్నవాడు.

ఇదే కాలంలో అహ్మద్‌నగర్ మిషనరీ రాబర్ట్ హ్యూమ్‌కు ఏం జరిగిందో చూస్తే ఈ ప్రశ్న ఎంత వేడిదో తెలుస్తుంది. సువార్త వినకుండా చనిపోయినవాళ్లకు మరణం తర్వాత అవకాశం ఉండొచ్చన్న ఆలోచనకు చోటివ్వాలని ఆయన 1886లో సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు అన్నాడు. ఆయన్ను పంపిన అమెరికన్ బోర్డు తిరిగి ఇండియాకు పంపడానికి ఒప్పుకోలేదు. పెద్ద రభస అయ్యాక 1887లో పంపింది. అది బాప్టిస్టు మిషను కాదు, కానీ ప్రశ్న మన పల్లెలదే.

బోధకుడి పక్షం చెప్పేదీ రాయాలి. "మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును" అని హెబ్రీ పత్రిక. క్రీస్తు ద్వారా తప్ప తండ్రి దగ్గరికి దారి లేదని యోహాను. అమెరికా బాప్టిస్టులు ఎక్కువగా వాడిన 1833 నాటి న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రమాణం చివరి అంశంలో దుష్టులకు అంతులేని శిక్ష, నీతిమంతులకు అంతులేని ఆనందం అని ఉంది. ప్రపంచ సువార్తిక క్రైస్తవుల సభ రాసుకున్న 1974 లౌసాన్ ఒడంబడిక కూడా క్రీస్తును తిరస్కరించినవాళ్లు దేవునికి నిత్యంగా దూరమవుతారంది. దీన్ని పలచన చేస్తే సువార్త చెప్పడానికి కారణమే ఉండదని వాళ్ల వాదం. అందులో నిజాయితీ ఉంది, నేను కాదనను. అయితే ఆ రెండు పత్రాలూ దుష్టులు, తిరస్కరించినవాళ్లు అంటాయి గానీ ఫలానా ఊరి ఫలానా మనిషి అనవు. క్రీస్తును తిరస్కరించడం వేరు, జీవితాంతం గుడి అరుగు మీద కూర్చుని పాటలు విని నీళ్లలో దిగడానికి జంకడం వేరు. ఆ జంకుకు కారణాలు ఇక్కడివాళ్లకు తెలియనివి కావు. బాప్తిస్మం కాగితం మీదికెక్కితే ఎస్సీ సర్టిఫికెట్టు పోతుందన్న టెన్షన్ వాటిలో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఎస్సీ జాబితాకు బయట పెట్టింది మరి.

ఈ కటువుదనం ఎక్కడి నుంచి వచ్చింది? ఒంగోలు, నెల్లూరు పాత సంఘాల్లో పుట్టింది కాదని నా అభిప్రాయం. మిషనరీల కాలం ముగిశాక ఊరూరా పెరిగిన స్వతంత్ర సంఘాలు, కన్వెన్షన్ సభలు అంత్యదినాల బోధకు పెద్దపీట వేశాయి. క్రీస్తు సంఘాలవాళ్లయితే (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) బాప్తిస్మాన్ని రక్షణలో భాగంగానే బోధిస్తారు. అది వాళ్ల సిద్ధాంతం, దానికి వాళ్లు కట్టుబడి ఉంటారు. కానీ పాత బాప్టిస్టు సంఘాలు కూడా సభలకు బోధకులను బయటి నుంచి పిలుచుకోవడం మొదలయ్యాక, తమ పెద్దలు ఏమి నమ్మారో తమకే గుర్తులేని పరిస్థితి వచ్చింది.

ఇదే జిల్లాల్లోని కతోలికులకు ఈ ఇబ్బంది తక్కువ. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం (బిషప్ పరిధి) కింద ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలు రెండూ ఉన్నాయి. నవంబరు 2న సమాధులకు పూలు పెట్టి మృతుల కోసం పూజ చేయించుకుంటారు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ణి వెతికితే రక్షణ పొందగలరని రెండవ వాటికన్ సభ 1964లో స్పష్టంగా రాసింది. బాప్టిస్టులకు అలా రాసిచ్చే పై సభ లేదు, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. మృతుల కోసం ప్రార్థనను, మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించే స్థలాన్ని బాప్టిస్టులు ఒప్పుకోరు. కాబట్టి జవాబు వాక్యంలోనే వెతుక్కోవాలి. అక్కడ హెబ్రీ పత్రిక ఒక్కటే లేదు. ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షే వాళ్లకు సాక్ష్యమిస్తుందన్న రోమా రెండో అధ్యాయం ఉంది. ఎరగక తప్పు చేసినవాడికి కొద్ది దెబ్బలేనన్న లూకా పన్నెండు ఉంది. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము దేవుణ్ణే నిలదీసిన మాట ఉంది.

కుటుంబం అడుగుతున్నది పెద్ద విషయం కాదు. తండ్రి పరలోకంలో ఉన్నాడని ప్రకటించమనడం లేదు. ఆయన గతిని దేవునికి వదిలేసి, జ్ఞాపకార్థ కూడికల్లో చనిపోయినవాళ్ల తీర్పు గురించి ఎవరూ ప్రకటనలు చేయకూడదని సంఘం తీర్మానం రాయాలంటున్నారు. పెద్దల్లో ఎక్కువమంది సరేనన్నారు. వాక్యానికి హద్దులు పెట్టలేమని ఇద్దరు ముగ్గురు పట్టుబడుతున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సంఘ కూటంలో తీర్మానం చర్చకు వస్తుంది.